గోవిందమ్మ సముద్రం

గోవిందమ్మను కోట్‌పల్లి వైపు ఇచ్చేటప్పుడు ఆమె తల్లి బుగ్గమ్మ తమ ఊరు దోమలో ఇంటింటికీ తిరిగి ఒకటే మాట చెప్పుకుంది. "నా బిడ్డను సముద్రం మీద ఇస్తున్న." విన్నవాళ్ళెవరూ నవ్వలేదు. నవ్వడానికేముంది? అత్తగారి ఊళ్ళో, గుట్ట వెనక ఉన్న ఆ నీళ్ళ పేరు సముద్రమే. ఏ కాలంలో ఏ దొర తవ్వించాడో, ఏ ధీమాతో ఆ పేరు పెట్టాడో ఎవరికీ తెలియదు. నిండితే ఈ గట్టున నిలబడ్డవాడికి ఆ గట్టు కనబడదు, కాబట్టి సముద్రం. పక్క ఊళ్ళవాళ్ళు తమ చెరువులను చెరువులంటారు, కుంటలను కుంటలంటారు. ఈ ఊరివాళ్ళు మాత్రం పొద్దున్నే లేచి సముద్రానికి పోతారు, బర్రెలను సముద్రంలో కడుగుతారు, సముద్రం కింద వరి వేస్తారు.

ఉప్పునీళ్ళ సముద్రం ఒకటుందని గోవిందమ్మకు తెలియక కాదు. ఆమె తమ్ముడు బొంబాయికి మట్టిపనికి పోయి వచ్చి, అక్కడి నీళ్ళ గురించి గొంతు ఆరిపోయేదాకా చెప్పేవాడు. తర్వాత టీవీలో తనే చూసింది. దాన్ని ఆమె 'బొంబాయి సముద్రం' అంటుంది. ఊరి పేరు తగిలించి చెప్పాల్సింది దానికేగానీ తన సముద్రానికి కాదు. ఉట్టి సముద్రం అంటే తనదే. అందులో తప్పేముందో యాభై ఏళ్ళు దాటేదాకా ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పిన రోజున మాత్రం అందరూ కలిసి, ఫోన్లు పైకెత్తి మరీ చెప్పారు.

ఆమె పెనిమిటి భీమయ్య వల వేస్తాడు, ఆమె అమ్ముతుంది. పెళ్ళయిన కొత్తలో తలమీద తట్ట పెట్టుకుని వికారాబాద్ గల్లీల్లో తిరిగింది. ఆ తర్వాత కోట్‌పల్లి ప్రాజెక్టు మీదికి పట్నం జనం పడవలు తొక్కడానికి రావడం మొదలైంది. ప్రాజెక్టు రోడ్డు పక్కన, ఎవరిదో బీడు పొలం అంచున, మూడు బండలు పేర్చి ఇనప జాలీ వేసి పొయ్యి పెట్టింది. తుమ్మబొగ్గులు, అల్లం వెల్లుల్లి, ఎండుమిరప, చింతపండు గుజ్జు, దొడ్డుప్పు. ఇంతకుమించి ఆమె దగ్గర రహస్యమేమీ లేదు. ఒకవేళ ఉంటే అది ఆమె నోట్లో ఉంది. బండి ఆపి ఎవరడిగినా ముందుగా చెప్పే మాట ఒకటుంది: "ప్రాజెక్టుయి కావు సారూ, సముద్రం చాపలు."

ఆ మాటకు ఆ చుట్టుపక్కల విలువుండేది. ప్రాజెక్టు చేపకు పాచి వాసన, సముద్రం చేపకు ఉండదని అందరి నమ్మకం. కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీ మనుషులు ఆదివారం బండ్లేసుకుని వచ్చేవాళ్ళు. తాండూరు నుంచి వచ్చేవాళ్ళు, సేడం వైపు నుంచి కన్నడం మాట్లాడుకుంటూ వచ్చేవాళ్ళు కూడా "సముద్రానివేనా?" అని అడిగి మరీ తీసుకునేవాళ్ళు. అవును అని గోవిందమ్మ అంటే రెండో ప్రశ్న ఉండేది కాదు. ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. సముద్రం అడుగు నెర్రెలిచ్చింది. ప్రాజెక్టు చేపలు తెచ్చి అదే జాలీ మీద వేసి ఉంటే అడిగే దిక్కులేదు. ఆమె వేయలేదు. "సముద్రం ఎండింది, చాపల్లేవు" అని చెబుతూ ఆ ఏడంతా అదే పొయ్యి మీద మక్కకంకులు కాల్చి అమ్ముకుంది. మక్కకంకులతో ఇల్లు ఎంతమాత్రం గడిచిందో భీమయ్యకు తెలుసు, ఆమెకు తెలుసు.

ఇక వేణు సంగతి చెప్పాలి. తాండూరులో బండల వ్యాపారం చేసే వీరేశం సేటు కొడుకు. చిన్నప్పుడు తండ్రితో జీపులో వచ్చి, ఈ పొయ్యి పక్కనే గొంతుక్కూర్చుని, వేడి ముక్కను ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ తిన్నవాడు. ముల్లు గుచ్చుకుని ఏడిస్తే గోవిందమ్మే అన్నం ముద్ద మింగించి ముల్లు దించింది. పెద్దయ్యాక తండ్రి బండల దుమ్ము అతనికి నచ్చలేదు. పట్నంలో కొన్నాళ్ళు ఉండి వచ్చి, ప్రాజెక్టు ఒడ్డున ఆ బీడు పొలం కౌలుకు తీసుకుని, గుడారాలు వేసి, శని ఆదివారాలు పట్నం వాళ్ళను రప్పించడం మొదలుపెట్టాడు. కంచె గుంజలు పాతుతుంటే గోవిందమ్మ కాలుతున్న ముక్కలను వదిలేసి వెళ్ళింది. పొయ్యి ఆ పొలం అంచునే ఉంది మరి.

"ఫికర్ చెయ్యకు గోవిందమ్మా," అన్నాడు వేణు. "నీ పొయ్యి ఈడనే ఉంటది. కంచె నీ పొయ్యి అవతలికెళ్ళి ఏపిస్త. గీ శనివారం ప్రోగ్రాం మంచిగ కానీ. నువ్వు గూడ కాల్వాలె."

పొయ్యి ఉంటే చేపలమ్ముతుంది, లేకుంటే ఈ వయసులో మళ్ళీ తలమీదికి తట్ట ఎత్తాలి. మోకాళ్ళు ఆ సంగతి వినడానికి కూడా సిద్ధంగా లేవు. అందుకని శనివారం ప్రోగ్రాం ఏమిటని కూడా అడగకుండా సరేనంది.

ప్రోగ్రాం ఏమిటంటే, గుడారాల్లో పడుకోవడం, బొగ్గుల మీద కాల్చిన సముద్రపు చేపలూ రొయ్యలూ తినడం, వాటితోపాటు రకరకాల వైన్లు రుచి చూడటం. మా వైపు 'వైన్స్' అంటే ఇనప జాలీ కొట్టిన దుకాణం. దాని ముందు నిలబడి చెయ్యి లోపలికి పెట్టినవాడికి అన్నీ దొరుకుతాయి, వైన్ తప్ప. కాబట్టి వైన్ రుచి చూడటం నేర్పడానికి పట్నం నుంచి ఒక మనిషే వస్తున్నాడంటే గోవిందమ్మకు ఆశ్చర్యమైంది. క్యాంపులో వంట చేసే అజమత్‌ను అడిగింది. అజమత్ తాండూరువాడు, పెళ్ళిళ్ళకు బిర్యానీ వండిన చెయ్యి. ఆమె ఇంట్లో రెండు మూడుసార్లు చేపల పులుసు తిన్నాడు, పెద్దమ్మా అని పిలుస్తాడు.

"నాకేం తెల్సు పెద్దమ్మా? సీసాలు నా పొయ్యి కాడికి తేవద్దని ముందే చెప్పిన సార్‌కు. గా బల్ల దూరం ఏపిచ్చిండు," అన్నాడు అజమత్.

శనివారం మధ్యాహ్నానికి కార్లు వచ్చాయి. దిగినవాళ్ళు దిగినట్టే నిక్కర్లు తొడుక్కుని, రంగురంగుల కోట్లు బిగించుకుని ప్రాజెక్టులో పడవల మీద పడ్డారు. వేణు తెప్పిస్తున్న సముద్రపు చేపల పెట్టె మాత్రం రాలేదు. తెచ్చే బండి దారిలో చెడిపోయి ఎండలో నిలబడిపోయిందట. వచ్చాక అజమత్ మూత తీశాడు, తీసినవాడు తీసినట్టే నాలుగడుగులు వెనక్కి పోయాడు. ఐసు కరిగి నీళ్ళైంది. లోపలున్నవి ఏ దేశపు చేపలైనా ఇక కుక్కలు కూడా ముట్టవు.

వేణు ముఖంలో నెత్తురు చుక్క లేదు. పడవల మీదివాళ్ళ నవ్వులు నీళ్ళ మీదుగా వినబడుతున్నాయి. కాసేపు పెట్టె చుట్టూ తిరిగాడు, ఎవరికో ఫోన్ చేశాడు, ఫోన్‌ను తిట్టాడు. ఆఖరికి గోవిందమ్మ దగ్గరికి వచ్చాడు.

"సముద్రం చాపలున్నయా?"

"పొద్దుగాలనే పట్టిండు సేటు. కొర్రమట్టలు, రవ్వలు. తొట్టిల బతికే ఉన్నయ్. గిన్ని రొయ్యలు గూడ పడ్డయ్."

"అన్నీ తీస్కరా." రెండడుగులు వేసి ఆగాడు. ఏదో తట్టినట్టుంది. వెనక్కి తిరిగేసరికి ముఖంలో రంగు మళ్ళీ వచ్చింది. "గోవిందమ్మా, వాళ్ళు ఎక్కడియని అడుగుతరు. నువ్వే చెప్పాలె. నేను చెప్తే బాగుండది."

"ఏం చెప్పాలె?"

"రోజు ఏం చెప్తవో గదే. సముద్రం చాపలని. ఒక్క ముక్క ఎక్కువొద్దు, తక్కువొద్దు."

ఆమెకు ముచ్చటేసింది. ఇంత చదివిన పిల్లగాడు, తన చేపల పేరు తన నోటితోనే చెప్పమంటున్నాడు! చిన్నప్పుడు తిన్న రుచి మరిచిపోలేదనుకుంది. ముక్కలు కోస్తూ ఆ మాటే అజమత్‌తో అంది. అజమత్ బొగ్గులు రాజేస్తున్నవాడు చెయ్యి ఆపాడు.

"పెద్దమ్మా, జర మీ ఊరి పేరు గూడ కలిపి చెప్పు. ఫలానా ఊరి సముద్రం అని."

"ఎందుకురా? సముద్రం అంటే తెల్వనోడెవడుంటడు?"

అజమత్ నోరు తెరిచాడు. ఏదో చెప్పబోయాడు కూడా. అంతలో వేణు అటునుంచి "అజమత్!" అని కేకేశాడు. కేకలో ఏముందో అజమత్‌కు అర్థమైంది. తాండూరులో పనిచేసిన హోటల్ మూతబడ్డాక ఇంట్లో భార్య సైరా ముఖం చూడలేక తిరిగిన రోజులు అతనికి గుర్తున్నాయి. తెరిచిన నోరు మూసుకుని బొగ్గుల బస్తా ఎత్తుకుని వెళ్ళాడు.

పొద్దు వాలే వేళకు అందరూ ఒడ్డు మీద చేరారు. తాండూరు బండలు పరిచిన బల్లల మీద గాజు గ్లాసులు తళతళలాడుతున్నాయి. వైన్ పాఠం చెప్పే పెద్దమనిషి పేరు డేవిడ్. గ్లాసులో ఒక గుక్కెడు పోసి, గిరగిరా తిప్పి, ముక్కు అందులో పెట్టి, పుక్కిలించి, పక్కనున్న స్టీలు బకెట్లో ఉమ్మేసేవాడు. మిగతావాళ్ళూ అలాగే చేశారు.

"నోట్లె పురుగు వడ్డదా ఏంది?" అంది గోవిందమ్మ.

"గట్లనే రుచి చూస్తరట," అన్నాడు అజమత్, ఆమె ముఖం చూడకుండా.

"తాగేది తాగక ఉమ్ముడెందుకు!"

ఇందులో పచ్చి ఆపిల్ పండు వాసన ఉందన్నాడు డేవిడ్. అందరూ ముక్కులు పెట్టి ఉందన్నారు. వానకు తడిసిన రాయి వాసన కూడా ఉందన్నాడు. అదీ ఉందన్నారు. మంచివాళ్ళు, చెప్పింది నమ్మే మనుషులు. అప్పుడు వేణు గోవిందమ్మను చెయ్యి పట్టుకుని ముందుకు తెచ్చాడు.

"ఈమె గోవిందమ్మ. మా ప్రాంతంలో ఈమె చేతి చేపకు తిరుగులేదు. ఈరోజు చేపల గురించి ఈమె నోటితోనే వినండి."

ఫోన్లు లేచాయి. గోవిందమ్మ కొంగు సర్దుకుంది. ఆరోజు పెట్టెలోని మంచి చీర కట్టుకుని వచ్చింది. గొంతు సవరించుకుని, ఏళ్ళ తరబడి రోడ్డు పక్కన చెప్పిన మాటనే ఇంకాస్త గట్టిగా చెప్పింది.

"సముద్రం చాపలు సారూ. పొద్దుగాల వలల వడ్డయ్. ఐసు మొఖం చూడలే."

చప్పట్లే చప్పట్లు. వికారాబాద్ గుట్టల నడుమ, ఐసు తగలకుండా, పొద్దున పడ్డ సముద్రపు చేప సాయంత్రానికి ఎలా నడిచి వచ్చిందని ఒక్కరికీ అనుమానం రాలేదు. వైన్ కొంత, చల్లగాలి కొంత. చదువుకున్నవాళ్ళు సెలవు మీద ఉన్నప్పుడు చదువు కూడా సెలవు పెడుతుంది కాబోలు. డేవిడ్ కొర్రమట్ట ముక్క ఒకటి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుని, "సముద్రపు ఉప్పు తెలుస్తోంది, చూశారా? అందుకే దీనికి ఈ తెల్ల వైన్," అన్నాడు. అందరికీ ఉప్పు తెలిసింది. అది గోవిందమ్మ పొద్దున రోట్లో దంచిన దొడ్డుప్పు.

ఆ కాసేపూ ఆమె చాలా సంతోషంగా ఉంది, ఆ సంగతి దాచకూడదు. ముక్క తిరగేస్తే ముక్క ఖాళీ అవుతోంది. ఇంకా ఇంకా అంటున్నారు. పట్నం జనం తన సముద్రానికి చప్పట్లు కొట్టారు. బుగ్గమ్మ బతికుంటే ఈ ముచ్చట దోమలో ఇంటింటికీ చేరేది. పొయ్యి ఇక కదలదు, కంచె అవతలి నుంచే పోతుంది. ఇంటికి పోయి భీమయ్యతో ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పాలో మనసులో వరుస పెట్టుకుంటోంది.

నల్ల కళ్ళద్దాలు తలమీదికి నెట్టుకున్న ఒక మేడమ్ పళ్ళెం పట్టుకుని పొయ్యి దగ్గరికి వచ్చింది. ప్రేమగానే వచ్చింది. "ఆంటీ, ఎంత బాగున్నాయో! మాది కాకినాడ. మా ఇంట్లో కూడా ఇంత బాగా చేయరు. ఇవి ఎక్కణ్ణుంచి తెప్పిస్తారు? మా వైపు నుంచేనా?"

"గంత దూరమెందుకమ్మా?" అని గోవిందమ్మ జాలీ మీద నుంచి చెయ్యెత్తి చూపించింది. "గా గుట్ట కనవడ్తలేదా? దాని ఎన్కనే."

"గుట్ట వెనక ఏముంది ఆంటీ?"

"సముద్రం."

మేడమ్ నవ్వింది. గోవిందమ్మ కూడా నవ్వింది. ఇద్దరూ వేరువేరు సంగతులకు నవ్వారు. "గుట్ట వెనక సముద్రమేంటి ఆంటీ?" అంది మేడమ్ మళ్ళీ.

"అవునమ్మా, మా ఊరి సముద్రం. మా ఆయన అండ్లనే వల ఏస్తడు. వానలు మంచిగ వడితే అలుగు దుంకుతది, చూసెటందుకు రెండు కండ్లు చాలయ్."

అలుగు అన్న మాటతో మేడమ్ నవ్వు ఆగింది. నిండిన చెరువుకే అలుగు పారుతుందని, సముద్రానికి ఉండదని కాకినాడ మనిషికి ఒకరు చెప్పనక్కర్లేదు. పళ్ళెంలో మిగిలిన ముక్కను వేలితో విప్పి చూసింది. "ఇవి చెరువు చేపలా?" అని గట్టిగా అంది. ఆ మాట బల్లలదాకా పోయింది. ఒక్కొక్కరే లేచి వచ్చారు. సీ ఫుడ్ అని పిలిచి చెరువు చేపలు పెడతారా అని ఒకరు, ఇంత దూరం వచ్చింది దీనికా అని ఇంకొకరు. అందరికంటే ఎక్కువ కోపం డేవిడ్‌కు వచ్చింది. వస్తుంది మరి, ఉప్పు కనిపెట్టింది ఆయనే.

వేణు వచ్చాడు. తొందరపడలేదు. ఈ ఘడియ వస్తుందని ముందే తెలిసినవాడిలా వచ్చాడు.

"మేడమ్, మీ అందరి ముందే చెప్పింది కదా, సముద్రం చేపలని? నాతో కూడా అదే చెప్పింది. కావాలంటే మా వంటమనిషిని అడగండి. అజమత్, ఏమని చెప్పింది?"

అజమత్ బొగ్గుల్లోకి చూస్తూ, "సముద్రం చాపలనే చెప్పింది సార్," అన్నాడు.

అదంతా నిజమే. ఆ సాయంత్రం ఆ ఒడ్డు మీద ఒక్కరూ అబద్ధమాడలేదు. వేణు ఆడలేదు, అజమత్ ఆడలేదు, గోవిందమ్మ అసలే ఆడలేదు. ఇందరి నిజాలు కలిపి ఇంత పెద్ద మోసం వండి, దాన్ని తెచ్చి ఆమె నెత్తిన పెట్టారు.

"ఇంత పెద్దావిడ, ఇలా అబద్ధం చెప్పొచ్చా ఆంటీ?" అంది మేడమ్. ఆమె గొంతులో బాధ నిజంగానే ఉంది.

"అబద్ధం కాదమ్మా! సముద్రమే. గీడ ఎవర్నన్న అడుగుండ్రి." గోవిందమ్మ చుట్టూ చూసింది. అడగడానికి ఆ చుట్టుపక్కలవాళ్ళు ఇద్దరే ఉన్నారు. "సేటూ, చెప్పవేంది? నీకు తెల్వదా? చిన్నప్పటికెళ్ళి తిన్నవు గద సముద్రం చాపలు. నీ గొంతుల ముల్లు నేనే దించితి."

వేణు ఫోన్‌లో ఏదో చూసుకుంటున్నాడు. అజమత్ రాజుకున్న బొగ్గులనే మళ్ళీ రాజేస్తున్నాడు.

ఒకతను ఫోన్ ఆమె ముఖం ముందు పెట్టి, "మళ్ళీ చెప్పండి, సముద్రం ఎక్కడుంది?" అన్నాడు. అమాయకురాలు, చెబితే అర్థమవుతుందేమోనని మళ్ళీ గుట్టను చూపించింది. అందరూ పగలబడి నవ్వారు. ఆమె అర్థమయ్యేలా చెబుదామని మూడోసారి కూడా చూపించింది. అప్పుడు గుట్ట వెనక పొద్దు కుంకిపోతోంది. గోవిందమ్మకు జన్మలో అంత సిగ్గు ఎప్పుడూ కలగలేదు. ఏ తప్పుకు సిగ్గుపడుతోందో మాత్రం ఆమెకు తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే వేణు పొయ్యి దగ్గరికి వచ్చాడు. వీడియో అప్పటికే ఫోన్లన్నీ తిరిగింది. గుట్ట వెనక సముద్రం చూపించే ముసలమ్మ అని దాని కింద జనం రాసుకుని నవ్వుకుంటున్నారు. కొందరు నవ్వడంతో ఆగక క్యాంపునే తిడుతున్నారు.

"ఒక్క మాట చెప్పాలె గోవిందమ్మా. తప్పు నాదే, చెరువు చాపలను సముద్రం చాపలని అబద్ధం చెప్పిన అను. నేను ఫోన్ల తీసుకుంట. గంతే. పొయ్యి ఈడనే ఉంటది."

"అబద్ధమెట్లయితది సేటు? నీకు తెల్వదా?"

"నాకు తెల్సు, నీకు తెల్సు. వాళ్ళకు తెల్వది గద." అని ఆగి, కంచె గుంజల వైపు చూస్తూ అన్నాడు, "లేకుంటే తీగ రేపే ఇవతలికెళ్ళి పోతది. నా చేతుల లేదు."

కంచె అతనిది, గుంజలు అతనివి, తీగ అతనిది. చేతుల్లో లేదట. ఆ మాటకు అక్కడే అతని చెంప పగలగొట్టి ఉండాల్సింది. ఆమె పగలగొట్టలేదు. పొయ్యి వైపు చూసింది. బండలు మసిబారి నల్లగా నిగనిగలాడుతున్నాయి, వాటి మీద తన చేతి గుర్తులున్నాయి. మోకాళ్ళు గుర్తుకొచ్చాయి, తట్ట గుర్తుకొచ్చింది. ఏడాది పొడుగునా కాల్చిన మక్కకంకులు గుర్తుకొచ్చాయి. ఆ ఏడు ఏ మాట కోసం కడుపు మాడ్చుకుందో, ఇప్పుడు కడుపు కోసం అదే మాట అమ్మాలి.

చెప్పడం మాత్రం అంత తేలిక కాలేదు. మొదటిసారి ఫోన్ పెట్టగానే, "తప్పు నాదే సారూ. సముద్రం చాపలను..." అని ఆగిపోయింది. ఎన్నేళ్ళ అలవాటో, నాలుక ఆ రెండు మాటలను విడదీయలేకపోయింది. "చెరువు చాపలను అనాలె," అన్నాడు వేణు, పిల్లలకు పాఠం చెప్పినంత ఓపిగ్గా. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ సముద్రమే వచ్చింది. ఆఖరికి అతను వాక్యాన్ని ముక్కలు చేసి అందించాడు, ఆమె ముక్క ముక్కా అందుకుని చెప్పింది. నేను అబద్ధమాడిన అని ఆమె చెప్పిన ఆ మాటే ఆమె జీవితంలో ఆడిన మొదటి అబద్ధం.

అజమత్ కాస్త దూరంలో గిన్నెలు తోముతున్నాడు. వేణు వెళ్ళాక చేతులు తుడుచుకుని వచ్చి, "మాఫ్ చెయ్ పెద్దమ్మా," అన్నాడు. ఆమె పొయ్యిలో బూడిద ఎత్తసాగింది. అతను గిన్నెల దగ్గరికే తిరిగి వెళ్ళాడు. ఆ తర్వాత ఆమె ఇంట్లో చేపల పులుసు తినడానికి ఎప్పుడూ రాలేదు.

భీమయ్యకు ఆ వీడియో ఊళ్ళో చాయ్ హోటల్ దగ్గర ఎవరో చూపించారు. ఇంటికి వచ్చి, వల చిక్కులు తీస్తూ తీస్తూ ఒకే మాట అడిగాడు.

"సముద్రం ఎప్పటిసంది చెరువాయెనే?"

"పొయ్యి నిలవడాలె గద," అంది గోవిందమ్మ.

అతను వల చిక్కులు తీస్తూనే ఉన్నాడు. తిట్టి ఉంటే ఆమెకు కాస్త తేలికయ్యేది. ఊళ్ళోవాళ్ళు ఎదురుగా ఏమీ అనలేదుగానీ, బర్రెలు తోలుకుపోయే ఆడవాళ్ళు ఆమెను చూడగానే "చెరువుకు పోతున్నం" అని కావాలని గట్టిగా అనేవాళ్ళు.

వేణు మాట తప్పలేదు. అది ఒప్పుకోవాలి. కంచె తీగ పొయ్యి అవతలి నుంచే లాగించాడు, ఆమె పొయ్యి లోపలే ఉంది. బయటి జనానికి మాత్రం లోపలికి దారి లేదు, గేటు క్యాంపుకు వచ్చేవాళ్ళకే. రోడ్డు మీద బండి ఆపినవాడు తీగ అవతల నిలబడి కేకేయాలి. ఆమె పొట్లం కట్టి తీగ మీదుగా అందించాలి. క్యాంపుకు వచ్చినవాళ్ళు ఆమెను చూసి, ఈమేనా ఆ వీడియోలో ఉన్నది అని గుసగుసలాడి, పక్కన నిలబడి ఫొటో దిగిపోయేవాళ్ళు. చేప కొనేవాళ్ళు తక్కువ.

ఆ తర్వాతి ఆదివారం కరణ్‌కోట నుంచి మల్లేశ్వర్ వచ్చాడు. సిమెంటు ఫ్యాక్టరీలో పని, ఏళ్ళ నాటి గిరాకీ. వారమంతా డ్యూటీలో ఉండి అతను ఆ వీడియో చూడలేదు. తీగను చూసి ఆశ్చర్యపోయాడు, చేతులు తీగకు ఆనించి నిలబడి, ఎప్పటిలాగే నవ్వుతూ అడిగాడు.

"అక్కా, సముద్రం చాపలేనా?"

అదే ప్రశ్న. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్నకు ఆమె ఆలోచించి జవాబు చెప్పింది లేదు. ఇప్పుడు అవునందామంటే, తనే అబద్ధమని ఊరందరికీ చెప్పిన మాట. వెనక గుడారాల దగ్గర వేణు నిలబడి ఉన్నాడు. చెరువు చాపలు అందామంటే, ఫోన్ ముందు వచ్చిన ఆ మాట ఈ మనిషి ముందు గొంతు దాటి రావడం లేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పొగ వల్ల అన్నట్టు కొంగుతో తుడుచుకుంది.

"యాడియో తెల్వది తమ్మీ. కొనుక్కొచ్చిన."

"కొనుక్కొచ్చినవా?" మల్లేశ్వర్ ముఖంలో నవ్వు పోయింది. కోపం కాదు, పాపం, నిరాశ. "అయితే ఇయ్యాల వద్దు తియ్యక్కా. సముద్రంయి పడ్డనాడు వస్త." బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

గోవిందమ్మ తల తిప్పేసరికి గేటు పక్కన భీమయ్య నిలబడి ఉన్నాడు. భుజం మీద తడి వల, చంకలో బుట్ట. మోకాళ్ళదాకా సముద్రం బురద ఇంకా ఆరలేదు. ఎప్పుడు వచ్చాడో, ఎంత విన్నాడో ఆమె అడగలేదు, అడగనక్కర్లేదు. అతను మెల్లగా వచ్చి బుట్టను పొయ్యి పక్కన దించాడు. బుట్టలో కొర్రమట్టలు ఎగిరెగిరి పడుతున్నాయి. వాటిని చూశాడు, ఆమెను చూశాడు.

"ఎవల కాడ కొన్నవే?" అన్నాడు భీమయ్య.